షోజో మాంగా చదవడం ఎలా: కుడి నుంచి ఎడమకు, ఆగి ఆగి

నా మేనకోడలు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా దాని చేతికి ఒక మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల, సంపుటం ఇచ్చాను. దాదాపు రెండు వందల పుటల పుస్తకం. ఇరవై నిమిషాల్లో ముగించి, "అత్తా, ఇందులో ఏమీ జరగలేదు" అంటూ తిరిగి ఇచ్చేసింది. నిజానికి తరగతిలో అందరూ తప్పించుకు తిరిగే ఒక అమ్మాయికి బుద్ధి తెలిశాక మొదటిసారి స్నేహం దొరికింది ఆ సంపుటంలోనే. అది దొరికిన పుటలో ఒక్క మాట కూడా లేదు. కిటికీ, గాలికి లేచిన తెర, సగం పక్కకు తిప్పిన ముఖం, అంతే. మేనకోడలు మాటలన్నీ చదివింది, మాటలు లేని చోట పుట తిప్పేసింది.

అలాంటి పుట దగ్గర ఎలా ఆగాలో తెలిస్తే షోజో మాంగా చదవడం సగం వచ్చినట్టే. మిగతా సగం అలవాటు మీద వస్తుంది. ఈ పుస్తకాలను కొత్తగా పట్టుకున్న అమ్మాయిల కోసం, అబ్బాయిల కోసం, పిల్లలు ఏం చదువుతున్నారో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. జపనీస్‌లో 'షోజో' అంటే బడి వయసు ఆడపిల్ల. షోజో మాంగా అన్నది ఒక రకం కథకు పెట్టిన పేరు కాదు. కథ ఏ పత్రికలో వచ్చిందన్నదాన్ని బట్టి ఆ పేరు పడుతుంది. నకయోషి, రిబోన్ అనే పత్రికలు 1955 నుంచి వస్తున్నాయి. మార్గరెట్ 1963లో, హానా టు యుమె 1974లో, లాలా 1976లో మొదలయ్యాయి. వాటిలో వచ్చినవన్నీ షోజోయే: బడి ప్రేమకథలు, భూతాల కథలు, రాజుల కాలం కథలు, వేరే లోకంలోకి జారిపడిన అమ్మాయిల కథలు. అందువల్ల 'ఇవి అమ్మాయిల పుస్తకాలు' అని మగపిల్లలు దూరంగా ఉండనక్కర్లేదు. లాలాలో ఏళ్ల తరబడి వచ్చిన యుకి మిదొరికావా 'నత్సుమె యూజిన్‌చో'లో కథానాయకుడే ఒక అబ్బాయి. భూతాలు కంటికి కనిపించే ఒంటరి పిల్లవాడు.

మొదటి పుస్తకం ఎంచుకోవడం

ముగిసిన కథతో మొదలుపెట్టండి. ఇంకా సాగుతున్న కథకు తర్వాతి సంపుటం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. కొత్తవారికి ఆ ఓపిక ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు.

ప్రేమ ఒక్కటే చాలు, మాయలూ మంత్రాలూ వద్దు అనుకుంటే కరుహో షీనా 'కిమి ని తొదొకె' పట్టుకోండి. 30 సంపుటాలు, 2017లో ముగిసింది. నల్లటి పొడవాటి జుట్టు, ముభావమైన ముఖం చూసి దయ్యం సినిమాలో పిల్లతో పోల్చి అందరూ దూరం పెట్టిన సవాకో అనే అమ్మాయి కథ. చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఆ నెమ్మదే దాని అందం.

ప్రేమా అద్భుతమూ రెండూ కావాలంటే నా ఓటు నత్సుకి తకాయా 'ఫ్రూట్స్ బాస్కెట్'కు. 1998 నుంచి 2006 వరకు హానా టు యుమెలో వచ్చింది, 23 సంపుటాలు. ఇంగ్లీషులో రెండేసి కలిపి 12 లావుపాటి పుస్తకాలుగా వేసిన కూర్పు కూడా ఉంది, కొనదలిస్తే అది నయం. తల్లి చనిపోయి గుడారంలో బతుకుతున్న తోరు అనే అమ్మాయి సోమా అనే కుటుంబం ఇంట్లో చేరుతుంది. ఆ ఇంట్లో కొందరికి ఒక శాపం ఉంది: ఆడవారిని మగవారు గానీ, మగవారిని ఆడవారు గానీ కౌగిలించుకుంటే జపాన్ పంచాంగంలో ఏడాదికొకటిగా వచ్చే పన్నెండు జంతువుల్లో తమ వంతు జంతువుగా మారిపోతారు. ఎలుక చేతిలో మోసపోయి ఆ పన్నెండింటిలో చోటు దక్కని పిల్లి కూడా అదే ఇంట్లో ఉంటుంది. వినడానికి హాస్యకథలా ఉంటుంది. అయిదారు సంపుటాలు దాటాక ఎన్నిసార్లు పుస్తకం మూసి గోడవంక చూస్తూ కూర్చుంటారో మీరే లెక్కపెట్టుకోండి.

గుళ్లూ దేవతలూ నక్క భూతాలూ ఇష్టమైతే జూలియెట్టా సుజుకి 'కమిసామా హజిమెమషిత' ఉంది, 25 సంపుటాలు, ముగిసింది. కత్తులూ ప్రయాణాలూ రాజ్యాలూ కావాలంటే మిజుహో కుసనాగి 2009లో మొదలుపెట్టిన 'అకత్సుకి నో యోనా'. ఇది నలభై సంపుటాలు దాటిన పెద్ద కథ కాబట్టి రెండో పుస్తకంగా పెట్టుకోండి.

మనకు దొరికేవి ఎక్కువగా ఇంగ్లీషు అనువాదాలే. పదో తరగతి ఇంగ్లీషు వస్తే చాలు, వాక్యాలు చిన్నవి. వెల సంపుటానికి నాలుగైదు వందల రూపాయలు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. కాబట్టి మొదటి సంపుటం ఒక్కటే కొని చూడండి, లేదా నలుగురు స్నేహితులు తలా ఒకటి కొని మార్చుకోండి. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట నాకు ఒకసారి ఒక కథ తొమ్మిదో సంపుటం దొరికింది. చవక అని కొన్నాను. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక నాలుగేళ్లు అలమరలో ఉండిపోయింది. మధ్య సంపుటం ఎంత చవకగా వచ్చినా కథ అక్కడ మొదలుపెట్టకండి.

పుస్తకాన్ని పట్టుకోవడం

మనం చివరి అట్ట అనుకునేదే దీని ముందు అట్ట. ఇంట్లోనో ఇరుగుపొరుగునో ఉర్దూ పుస్తకం తెరవడం చూసినవారికి ఇది కొత్త కాదు. వెన్ను మీ కుడిచేతి వైపు ఉండాలి, పుటలు ఎడమ నుంచి కుడికి తిప్పాలి. తప్పు వైపు తెరిస్తే చాలా ఇంగ్లీషు కూర్పుల్లో 'ఇటు కాదు, అటు తిప్పండి' అన్న పుట ఎదురవుతుంది.

పుటలో కూడా అంతే. పై వరుసలో కుడి చివరి గడితో మొదలుపెట్టి ఎడమకు రండి. వరుస పూర్తయ్యాక కింది వరుసకు దిగి మళ్లీ కుడి నుంచి. గడిలోని మాటల బుడగలదీ అదే వరస: పైన కుడివైపు ఉన్నది ముందు. వరుసలు ఎక్కడ విడిపోయాయో తెలియకపోతే గడుల మధ్య తెల్లటి సందులు చూడండి. సాధారణంగా పక్కపక్క గడుల మధ్య సందు సన్నగా, పై వరుసకూ కింది వరుసకూ మధ్య సందు వెడల్పుగా ఉంటుంది. కుడివైపు ఒక నిలువు గడి రెండు వరుసల పొడవునా ఉంటే ముందు దాన్ని చదివి, తర్వాత ఎడమవైపు పైది, ఆ తర్వాత దాని కిందది.

మొదటి ముప్పై పుటలు చూపుడువేలు పెట్టి చదవండి. చిన్నపిల్లల పని అనుకోవద్దు. కంటికి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు మారాలి కదా. ఒక సంపుటం అయ్యేసరికి వేలు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది.

ఫోనులో చదివేవారికి ఒక మాట. ఒక్కొక్క గడినే పెద్దది చేసి చూపించే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంటుంది. దాన్ని ఆపేయండి. మిగతా మాంగా సంగతి ఎలా ఉన్నా షోజో పుట మొత్తం కలిపి ఒకే బొమ్మ. గడులుగా కోసి చూస్తే చీరను ముక్కలు చేసి అంచు చూసినట్టు ఉంటుంది. రెండు పుటలు కలిపి గీసిన బొమ్మ వచ్చినప్పుడు ఫోను అడ్డంగా తిప్పండి.

పుటలో ఎన్ని గొంతులున్నాయో గుర్తించడం

షోజో పుటలో మూడు రకాల రాత ఉంటుంది. బుడగలో ఉన్నది పైకి అన్న మాట. బుడగ లేకుండా, గడుల మధ్య ఖాళీలో తేలుతున్నట్టు ఉన్నది మనసులోని మాట. బొమ్మ పక్కన చేతిరాతలా చిన్న అక్షరాల్లో ఉన్నది గొణుగుడో, రచయిత్రి చేర్చిన చిన్న వ్యాఖ్యో. తొందరలో చదివితే మూడూ కలిసిపోతాయి.

అందుకే మా మేనకోడలికి నేను చెప్పిన ఉపాయం ఇది: ఒక పుటను రెండుసార్లు చదువు. మొదటిసారి బుడగలు మాత్రమే. రెండోసారి బుడగలు వదిలేసి తేలే మాటలు మాత్రమే. పైకి "పర్వాలేదు, నేను ఒక్కదాన్నే వెళ్తాను" అన్న అమ్మాయి లోపల ఏమనుకుంటోందో అప్పుడు విడిగా వినిపిస్తుంది. ఆ రెండింటి మధ్య దూరమే ఈ కథల్లో అసలు సంఘటన. నాలుగైదు పుటలు ఇలా చేస్తే చాలు, ఆపై మామూలుగా చదివినా రెండు గొంతులూ వేరుగా పలుకుతాయి.

శబ్దాల విషయంలో తెలుగువారికి ఒక అనుకూలం ఉంది. జపనీస్‌లో గుండె చప్పుడు 'డోకిడోకి', మన దడదడ. మెరుపుకు చప్పుడు లేకపోయినా వాళ్లు 'కిరాకిరా' అంటారు, మనం తళతళ అన్నట్టే. నిశ్శబ్దానికి కూడా 'షీన్' అని ఒక మాట ఉంది, దాన్ని బొమ్మ మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇంగ్లీషు అనువాదకులు ఇలాంటి చోట తడబడతారు, ఎందుకంటే ఆ భాషలో ఈ సంపద తక్కువ. గడిలో అడ్డంగా పడి ఉన్న శబ్దాన్ని మనసులో తెలుగు చేసుకుని చదవండి. గలగల, జలజల, మిలమిల, గజగజ: సరిపోయేది ఏదో ఒకటి మన దగ్గర దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఆగడం

ఇప్పుడు అసలు సంగతి. షోజో పుటల్లో ఉన్నట్టుండి నేపథ్యం మాయమై పూలు వస్తాయి. గడి గీతలు తెగిపోతాయి. ఒక నిలువెత్తు బొమ్మ మూడు గడులను తోసుకుని తల నుంచి పాదం దాకా నిలబడుతుంది. అలంకారం కోసం అని అనుకుంటారు కొందరు. కాదు. ఆ క్షణంలో ఆ అమ్మాయికి తరగతి గది కనిపించడం లేదు, కాబట్టి మనకూ కనిపించదు.

ఈ పద్ధతి ఒక్కరోజులో రాలేదు. ఒసాము తెజుకా 1953లో 'రిబోన్ నో కిషి' అనే రాకుమారి కథ మొదలుపెట్టిన రోజుల్లో అమ్మాయిల మాంగాను ఎక్కువగా మగవారే గీసేవారు. 1970లు వచ్చేసరికి ఆడవాళ్లు వచ్చేశారు. మోటో హగియో, కేకో తకెమియా వంటివారు 1949 ప్రాంతంలో పుట్టినవారు. జపాన్ రాజుగారి శకం లెక్కన అది 24వ ఏడు కాబట్టి వారిని '24వ ఏటి బృందం' అంటారు. టోక్యోలోని నెరిమాలో హగియో, తకెమియా కొంతకాలం ఒకే ఇంట్లో ఉండి గీశారు. గడిని విరిచి మనసును పుటంతా పరవడంలో వారి చేయి చాలా ఉంది. అదే కాలంలో, 1972లో, రియోకో ఇకెదా 'బెరుసాయు నో బరా' మార్గరెట్‌లో మొదలైంది. ఫ్రాన్సు విప్లవం నాటి కథ, మగవాడిలా పెరిగిన ఆస్కార్ అనే సైన్యాధికారిణి కథ. ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు తమకంటే కొద్దిగా చిన్నవాళ్లయిన అమ్మాయిల కోసం గీసిన పుటలు ఇవి. నేను వాటిని అంత గౌరవంగా చూడటానికి కారణం అదే.

ఎక్కడ ఆగాలో కొన్ని గుర్తులు చెబుతాను. మాటలు లేని గడి వచ్చినప్పుడు ఒక శ్వాస తీసుకునేంత సేపు ఆగండి. ముంగురులు కళ్లను కప్పేసి, నోరు మాత్రమే కనిపించేలా గీస్తే ఆ మనిషి ఏదో దాస్తున్నాడు. నోటి చివర చూడండి. చేతులు మాత్రమే గీసిన గడి వస్తే, చెప్పలేని మాట ఆ చేతుల్లో ఉంది. పుట మొత్తం తెల్లగా వదిలి ఒక్క వాక్యం రాస్తే, ఆ వాక్యాన్ని తెలుగులో మీలో మీరు ఒకసారి అనుకుని అప్పుడు తిప్పండి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఫ్రూట్స్ బాస్కెట్ అన్నది పిల్లల ఆట. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరికి ఒక పండు పేరు పెడతారు, పేరు పిలిచినప్పుడు లేవాలి. చిన్నప్పుడు తోరుకు తోటి పిల్లలు 'ఒనిగిరి' అని పెడతారు. అంటే అన్నం ముద్ద. పండ్ల బుట్టలో అన్నం ముద్దను ఎవరు పిలుస్తారు? ఆట ముగిసేదాకా ఆ పాప తన పేరు కోసం ఎదురుచూస్తూ కూర్చునే ఉంటుంది. తోరు దీన్ని పెద్ద బాధగా చెప్పదు, మామూలుగా గుర్తుచేసుకుంటుంది. ఇది చదివి సరేనని వెళ్లిపోవచ్చు. అయితే ఆ గుండ్రంలో కూర్చున్న పిల్ల ముఖం దగ్గర కాసేపు ఉండి వెళ్తే, సోమా వాళ్ల ఇంటి గడప ఆమెకు ఏమిటో, ఆ కథకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నేను మొదటిసారి చదివినప్పుడు రైలులో ఉన్నాను. నా స్టేషను దాటిపోయింది.

పిలుపుల లెక్క పెట్టుకోవడం

ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో రాసుకోండి. జపాన్‌లో బడిపిల్లలు కూడా అంతగా చనువు లేనివారిని ఇంటిపేరుతో పిలుస్తారు, చివర 'సాన్' చేరుస్తారు. అబ్బాయిలకు 'కున్', ముద్దుగా అయితే 'చాన్', పై తరగతివారైతే 'సెన్‌పాయ్'. ఇంటిపేరు నుంచి సొంత పేరుకు రావడం, ఆ తోక తీసేయడం చాలా పెద్ద అడుగు. 'మీరు' అంటున్న మనిషి ఒకరోజు మాటల్లో 'నువ్వు' అనేస్తే మనకు గుండె ఎలా ఆగుతుందో అలాగే. కొన్ని అనువాదాలు ఈ తోకలు తీసేసి మొదటి నుంచీ సొంత పేర్లే వాడతాయి. వీలైతే తోకలు ఉంచిన అనువాదం చదవండి. లేకపోతే పదిహేను సంపుటాలు ఎదురుచూసిన క్షణం మీ కళ్ల ముందే, మీకు తెలియకుండానే దాటిపోతుంది.

మరో మాట కూడా ఇలాంటిదే. ఈ కథల్లో ప్రేమను చెప్పేటప్పుడు అనే మాట 'సుకి'. ఇంగ్లీషు అనువాదంలో అది చాలాసార్లు తేలికైన మాటగా కనిపించి, ఇంతేనా అనిపిస్తుంది. ఇంగ్లీషు గుండా ఆలోచించకండి. 'నువ్వంటే నాకు ఇష్టం' అన్న మన మాట బరువు ఎంతో దాని బరువూ అంతే. 'ఐషితెరు' అనే మరీ పెద్ద మాట ఒకటి ఉంది, దాన్ని నిత్యజీవితంలో చాలా అరుదుగా వాడతారు. కాబట్టి 'సుకి' అన్నవాడు తక్కువ చెప్పాడని అనుకోవద్దు.

బడి పంచాంగం

వారి విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో చెర్రీ పూలతో మొదలై మార్చిలో ముగుస్తుంది. వేసవిలో యుకాటా అనే పల్చటి కిమోనో కట్టుకుని బాణసంచా చూడటానికి వెళ్తారు, శరదృతువులో బడి ఉత్సవం జరుగుతుంది. ఫిబ్రవరి 14న చాక్లెట్ ఇచ్చేది అమ్మాయిలు. మర్యాదకు ఇచ్చేది వేరు, మనసిచ్చినవాడికి ఇచ్చేది వేరు. అబ్బాయిలు మార్చి 14న బదులు ఇస్తారు. చదువు ముగిసిన రోజు అబ్బాయి కోటుకున్న రెండో బొత్తాం అడిగితే అది ప్రేమ, గుండెకు దగ్గరగా ఉండే బొత్తాం కనుక. ఒకే గొడుగు కింద ఇద్దరు నడిస్తే తరగతి అంతా గుసగుసలాడుతుంది. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, బడి కథలు అర్థమవుతాయి.

మాయాలోకాల్లోకి వెళ్లేటప్పుడు

అద్భుత కథల్లో కొత్తవారు చేసే పొరపాటు నియమాలను బట్టీ పట్టడం. ఏ భూతానికి ఏ శక్తి, ఏ రాజ్యం ఎటువైపు అని తల పట్టుకుంటారు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాయ ఏ బాధకు రూపం? దగ్గరకు తీసుకుంటే జంతువైపోయే మనుషులు, అంటే దగ్గరితనానికే భయపడేవారు. నత్సుమె అమ్మమ్మ రేకో ఆటల్లో ఓడించి పేర్లు రాయించుకున్న భూతాలకు మనవడు ఆ పేర్లు ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చేస్తుంటాడు, ఇచ్చినప్పుడల్లా ఆమె ఒంటరితనం కొంచెం కొంచెం తెలుస్తుంది. యోనా కథలో తండ్రిని చంపినవాడు తను ప్రేమించినవాడే. ఆ తర్వాత వచ్చే డ్రాగన్ల కథంతా రాకుమారి తన కాళ్ల మీద తను నిలబడే కథ.

కొన్ని నమ్మకాలు మనకు దగ్గరివే. 'ఎన్' అని ఒక మాట వస్తూ ఉంటుంది. అనువాదాల్లో బంధమనో విధి అనో రాస్తారు, మనం రుణానుబంధం అంటే సరిపోతుంది. గుడిలో అయిదు యెన్ల నాణెం వేయడం కూడా అందుకే, అయిదు యెన్లు అన్న మాటా ఆ బంధం పేరూ ఒకేలా పలుకుతాయి. చిటికెన వేలికి కట్టిన ఎర్ర దారం కనిపిస్తే అది విడిపోని జంట. బెంజైతెన్ అనే దేవత ఎదురైతే చేతిలోని వాద్యం చూడండి. ఆమె బౌద్ధంతో పాటు జపాన్ చేరిన మన సరస్వతి.

అబ్బాయిని తూచడం

ఇది తల్లిదండ్రులూ చదవాలి. ఈ కథల్లో కొన్ని దృశ్యాలు నాకు నచ్చవు. అబ్బాయి గోడ మీద ధన్‌మని చేయి వేసి అమ్మాయిని కదలకుండా నిలబెట్టడాన్ని 'కబెడోన్' అంటారు. 2014లో జపాన్ అంతటా ఆ మాట మారుమోగింది. పుటలో అది అందంగానే కనిపిస్తుంది, పూలు కూడా పడతాయి. అక్కడ ఆగి అడగండి: ఆ గడిలో అమ్మాయి మనసులోని మాట రచయిత్రి చూపించిందా? ఆమె 'వద్దు' అంటే కథ విన్నదా? తర్వాతి అధ్యాయంలో ఆ అబ్బాయి మారాడా, లేక అసూయనే ప్రేమ అని పిలిచి ముందుకు పోయాడా? మంచి కథలు ఈ ప్రశ్నలను తామే వేస్తాయి. వేయని కథను పక్కన పెట్టడానికి మొహమాటపడకండి, అది ఎంత పేరున్నదైనా సరే.

వయసు గుర్తులు వెనుక అట్ట మీద చూడండి. ఉత్తర అమెరికా ప్రచురణల్లో 'టి' అంటే పదమూడు దాటినవారికి, 'టి ప్లస్' అంటే పదహారు దాటినవారికి. పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కునే ముందు ఒక సంపుటం మీరు చదవండి. మా వదిన అలా మొదలుపెట్టి ఇప్పుడు కూతురి కంటే రెండు సంపుటాలు ముందుంది.

దొంగ ప్రతుల జోలికి పోవద్దని కూడా గట్టిగా చెబుతాను. వాటిలో అనువాదం తొందరలో జరుగుతుంది, చాలాసార్లు పుట అంచులోని రచయిత్రి మాటలు ఎగిరిపోతాయి. ఆ అంచు మాటల్లో ఆమె తన పిల్లి గురించి, నిద్రలేని రాత్రుల గురించి, ఫలానా పాత్ర ఎందుకు పుట్టిందో దాని గురించి రాస్తుంది. వాటిని సంపుటం చివర తీరిగ్గా చదవండి, మధ్యలో చదివితే కథ తెగుతుంది.

కథ మొత్తం అయిపోయాక పుస్తకాలు వెంటనే సర్దేయకండి. మొదటి సంపుటం మళ్లీ తెరవండి. నోటుపుస్తకంలో మీరు రాసుకున్న మొదటి పిలుపు ఏ పుటలో ఉందో వెతికి, ఆ గడిని చూడండి. అందులో ఆ అమ్మాయి ఎటు చూస్తోందో మొదటిసారి మీరు గమనించి ఉండరు.